ఎండల్లో అల్లిక... అయిదుగురం ఒక్కటిగా!

"ఇదేం విడ్డూరమే! చలికాలం వెళ్ళిపోయాక ఎవరైనా అల్లిక మొదలుపెడతారా?"

మార్చి నెల మొదటి ఆదివారం. భోజనాలయ్యాక సూదులూ, దారం ఉండలూ సంచిలో సర్దుకుంటుంటే మా అత్తయ్యగారు అన్న మాట ఇది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు లెండి. మాది కాకినాడ. ఇక్కడ డిసెంబరులోనే స్వెట్టరు అవసరం పడదు. అలాంటిది, ఎండలు ముదిరే వేళకి అల్లికేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

నేను అల్లబోయేది స్వెట్టరు కాదు. పదో తరగతి పరీక్షలు రాస్తున్న మా అమ్మాయికి చేతుల్లేని వేసవి టాపు. నూలు దారంతో. జూన్‌లో పిల్ల ఇంటరు చదువుకి హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఆలోగా అయిపోవాలి. నాతోపాటు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో నలుగురు సరిగ్గా అదే టాపు, అదే రోజు మొదలుపెడుతున్నారు.

"చేతుల్లేకుండానా!" అన్నారు అత్తయ్యగారు, ఈసారి ఇంకాస్త గట్టిగా. నేను జవాబు చెప్పకుండా సంచీ పట్టుకుని మెట్లెక్కేశాను.

బనియను కూడా అల్లికే కదండీ!

మూడో అంతస్తులో ఉండే పిన్నిగారికి అరవై దాటాయి. బాబాయిగారి రైల్వే ఉద్యోగం వల్ల చాలాకాలం ఢిల్లీలో ఉన్నారు. శీతాకాలం ఎండలో డాబా మీద కూర్చుని, పక్కింటి పంజాబీ ఆడవాళ్ళ దగ్గర అల్లిక నేర్చుకున్నారు. మా గుంపుకి ఆవిడే పెద్దదిక్కు. అత్తయ్యగారి మాట చెబితే ఫక్కున నవ్వేశారు.

"మీ మావగారు వేసుకునే బనియను ఏమిటనుకున్నావు? అదీ అల్లికే. చేతుల్లేనిదే. వేసవిదే!"

నిజమే సుమండీ. చీర నేతబట్ట. పడుగూ పేకా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. బనియను అలా కాదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలోంచి ఒకటి దూరుతూ తయారయ్యే అల్లికబట్ట. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికొస్తుంది. కాకపోతే దాన్ని చేత్తో కాక మరమీద అల్లుతారు. అలా మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే కనిపెట్టాడు. మన దేశంలో తమిళనాడులోని తిరుప్పూరు బనియన్లకి పెట్టింది పేరు.

అల్లిక అనగానే మనకి ఊలే గుర్తొస్తుంది కానీ, ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన పాత అల్లికల్లో ఈజిప్టులో బయటపడ్డ మధ్యయుగాలనాటి మేజోళ్ళు ముఖ్యమైనవి. అవి నూలువే. నీలిమందు రంగు దారం, తెల్లదారం కలిపి అల్లారు. అంటే వేడిదేశాల ఆడవాళ్ళం మనం అల్లిక పట్టడంలో విడ్డూరమేమీ లేదన్నమాట.

ఇక ఈ చేతుల్లేని టాపుకి ఇంగ్లీషులో 'ట్యాంక్ టాప్' అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఒకప్పుడు ఈతకొలనుని ట్యాంకు అనేవారు. అందులో దిగేందుకు ఆడవాళ్ళు వేసుకునే భుజాలు కనబడే దుస్తులు 'ట్యాంక్ సూట్లు' అయ్యాయి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఈతపోటీలు మొదటిసారి పెట్టింది 1912లో, స్టాక్‌హోమ్‌లో. ఆ రోజుల్లో ఆ దుస్తుల మీదా ఎంతో గొడవ జరిగింది. చేతుల్లేని బట్టల మీద పేచీ మా ఇంట్లోనే మొదలవలేదన్నమాట!

కలిసి అల్లడమంటే...

ఈ ఆలోచన మాకు పుట్టింది కాదు. న్యూజెర్సీలో ఉంటున్న మా వదిన పంపింది. అక్కడ తనూ, స్నేహితురాళ్ళూ కలిసి ఏటా ఏదో ఒకటి అల్లుతారట. దీన్ని వాళ్ళు 'నిట్ అలాంగ్' అంటారు. నియమాలు పెద్దగా ఏమీ ఉండవు. అందరిదీ ఒకే నమూనా. అందరూ ఒకే రోజు మొదలుపెడతారు. ఎవరి దారం వాళ్ళది, ఎవరి కొలత వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది. మధ్యమధ్యలో కలిసి ఎవరిది ఎంతవరకూ వచ్చిందో చూసుకుంటారు. పోటీ ఉండదు, బహుమతీ ఉండదు.

మేం ఆదివారాలు మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా అనుకున్నాం. ఆ రెండు గంటలూ ఎవరింట్లో టీ వాళ్ళింటి మగవాళ్ళే పెట్టుకోవాలన్నది మేం చేర్చుకున్న నియమం.

పిన్నిగారూ నేనూ కాక మిగతా ముగ్గురిలో ఒకరు హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకరు నరసాపురం ఆడపడుచు. మేమంతా అక్కయ్యా అనే పిలుస్తాం. అయిదో ఆమె ఒళ్ళో చంటిపిల్ల ఉన్న అమ్మాయి. బ్యాంకు ఉద్యోగం మానేసి ఏడాదయింది. మొదటి రోజు ఆ అమ్మాయి రెండు వరుసలే అల్లింది. మధ్యలో నాలుగుసార్లు లేచింది. "సారీ అండీ" అంటూంటే పిన్నిగారు, "ఇక్కడ ఎవరూ ఎవరికీ సారీ చెప్పకూడదు. ఇంట్లో చెబుతున్నది చాలు" అన్నారు.

మాకు కుదిరిన లెక్క ఇదీ. అంగుళానికి 5 కుట్లు. ఛాతీ 36 అంగుళాలకి మొత్తం 180 కుట్లు. ముందుభాగం 90, వెనకభాగం 90. కింద రెండంగుళాలు ఒక ప్లెయిన్, ఒక పర్ల్ చొప్పున అంచు. ఆపైన ఒక వరుస ప్లెయిన్, ఒక వరుస పర్ల్. 14 అంగుళాల ఎత్తు వచ్చాక చంకల దగ్గర అటూ ఇటూ 5 కుట్లు మూసెయ్యడం, తర్వాత వరుస విడిచి వరుసకి రెండువైపులా ఒక్కో కుట్టు చొప్పున 6 సార్లు తగ్గించడం. మిగిలేవి 68 కుట్లు. ముందు మెడకి మధ్యలో 24 మూసేస్తే భుజానికి 22 చొప్పున ఉంటాయి. మెడవైపు 8 తగ్గిస్తే 14 కుట్ల వెడల్పు పట్టీ నిలుస్తుంది. మొత్తం టాపుకి 23 వేల దాకా కుట్లు పడతాయని మా లెక్కల టీచరుగారు అక్కడికక్కడే లెక్కేసి అందరినీ హడలగొట్టారు.

ఆరో నంబరు చేసిన అల్లరి

ఏ అల్లికకైనా ముందు చిన్న సాంపిల్ ముక్క అల్లి, కొలిచి చూసుకోవాలి. ఇది పిన్నిగారు మొదటిరోజే చెప్పారు. నేను "చూద్దాంలెండి" అనుకున్నాను. స్వెట్టర్లు అల్లినదాన్నే కదా అని ధీమా. మర్నాడే నేరుగా అసలు అల్లిక మొదలుపెట్టేశాను. ఆ తర్వాతి రెండు ఆదివారాలూ పిల్ల పరీక్షలని వెళ్ళలేదు. రాత్రి అది చదువుకుంటుంటే పక్కన కూర్చుని అల్లుతూ ఉండేదాన్ని. దానికి నిద్ర రాకుండా నేను తోడు, నాకు నిద్ర రాకుండా సూదులు తోడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అందరి వెనకభాగాలూ పిన్నిగారి మంచం మీద పరిచాం. టీచరుగారిదీ నాదీ ఒకటే కొలత. ఒకదాని మీద ఒకటి పెడితే నాది రెండంగుళాలు బయటికొచ్చింది.

టేపు పెట్టి కొలిచారు. నా అల్లికకి అంగుళానికి నాలుగున్నర కుట్లే పడ్డాయి. 180 కుట్లని నాలుగున్నరతో భాగించండి. 40 వస్తుంది. అంగుళానికి అరకుట్టు తేడా, ఒంటి చుట్టూ వచ్చేసరికి నాలుగంగుళాలు! మా పిల్లలాంటి పిల్లలు ఇద్దరు పడతారందులో.

ఎక్కడ వచ్చిందీ తేడా? వదిన పంపిన నమూనాలో ఆరో నంబరు సూదులని ఉంది. నేను మన బజార్లో దొరికే ఆరో నంబరే తెచ్చుకున్నాను. అమెరికా ఆరో నంబరు 4 మిల్లీమీటర్ల మందం. మన దగ్గర నడిచేది పాత బ్రిటిష్ లెక్క. అందులో ఆరో నంబరు 5 మిల్లీమీటర్లు. పైగా రెండు లెక్కలూ ఎదురుబొదురు. అమెరికాలో నంబరు పెరిగితే సూది లావవుతుంది. మన దగ్గర నంబరు పెరిగితే సన్నమవుతుంది. 4 మిల్లీమీటర్లు కావాలంటే మనకి ఎనిమిదో నంబరు అడగాలి. మిగతా నలుగురికీ సాంపిల్ ముక్క దగ్గరే ఈ సంగతి బయటపడింది. సూదులు మార్చేసుకున్నారు. నేను లేని ఆదివారం ఆ మాట అనుకున్నారు.

ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే ఆవిడ 1971లో అల్లిక మీద రాసిన పుస్తకం ఇప్పటికీ చాలామందికి గురుపీఠం. 'నిటింగ్ వితవుట్ టియర్స్' అని దాని పేరు. కన్నీళ్ళు లేకుండా అల్లడం అన్నమాట. అంగుళానికి నీ చేతికి ఎన్ని కుట్లు పడతాయో ముందు తెలుసుకుంటే మిగతాదంతా నీ చేతిలోనే ఉంటుందన్నది ఆవిడ పద్ధతికి ప్రాణం. నేను ఆ ఒక్కటీ వదిలేసి మిగతాదంతా చేశాను. కన్నీళ్ళ దాకా వచ్చింది.

విప్పిన రోజు

"వదులుగా ఉంటే ఉండనీలెద్దురూ, వేసవికి గాలి ఆడుతుంది" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. నరసాపురం అక్కయ్యే మెల్లగా, "నూలు ఇంకా సాగుతుంది తల్లీ. ఊలులా వెనక్కి రాదు. నాలుగు ఉతుకులకి చంక కిందకి జారుతుంది" అంది.

విప్పాలంటే వెనకభాగం మొత్తం, ముందుభాగం ఆరంగుళాలు. వెనకభాగం ఒక్కటే పదివేల కుట్లు. పిల్ల పరీక్షల రాత్రులన్నీ అందులో ఉన్నాయి. నా చేతులు రాలేదు. పిన్నిగారు నా పక్కన కూర్చుని, "ఢిల్లీలో మొదటి స్వెట్టరు నాలుగుసార్లు విప్పించింది మా పంజాబీ వదిన. విప్పడం రానివాళ్ళకి అల్లడం వచ్చినట్టు కాదనేది" అంటూ కొస నా చేతికే ఇచ్చారు. నేను లాగాను. ఇరవై రోజుల పని ఇరవై నిమిషాల్లో కుప్పయింది.

విప్పిన దారం నూడుల్స్‌లా ముడుచుకుపోయి ఉంటుంది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. దాన్ని చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, నీళ్ళలో ముంచి ఆరేస్తే మళ్ళీ తిన్నగా అవుతుంది. చిలప చుట్టడానికి రెండు చేతులు కావాలి. సాయంత్రం మా అమ్మాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. అది రెండు చేతులూ చాపి పట్టుకుంటే నేను చుట్టడం మొదలుపెట్టాను.

చేతుల్లో ఫోను లేదు. లేచి వెళ్ళడానికి లేదు. నా మొహంలోకి చూడక్కర్లేదు, దారం వంక చూస్తే చాలు. చాలాసేపటికి అంది.

"అమ్మా, ఇంత అల్లిందీ విప్పేశావు కదా. బాధగా లేదా?"

"ఉంది."

ఇంకో పది చుట్లు తిరిగాయి.

"హాస్టల్లో నేను ఉండలేకపోతే వచ్చెయ్యొచ్చా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఫీజు కట్టేశాం. బంధువులందరికీ చెప్పేశాం. నెలరోజులుగా ఈ పిల్ల ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకపోతే పరీక్షల బెంగ అనుకున్నాం. ఇదా లోపల పెట్టుకున్నది!

"రావచ్చు" అన్నాను.

"నాన్న?"

"నాన్నతో కూడా చెప్పిస్తాను."

ఆ రాత్రే చెప్పించాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఫీజు పోతే పోతుంది" అన్నారు. ఆ మాట పిల్లకి వినబడేలా మళ్ళీ ఒకసారి అనిపించాను.

'తీరిక' అనే మాట

మే నెలలో మా గుంపులో కొత్త చర్చ లేచింది. మా అల్లిక చూసిన ఒకాయన, "ఊరికే కాలక్షేపానికి ఎందుకమ్మా, అమ్ముకోవచ్చుగా. ఎలాగూ ఖాళీయేగా" అన్నారు. నరసాపురం అక్కయ్య సూది ఆపేసింది.

"మా అమ్మనీ అలాగే అనేవారు" అంది.

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లిన లేసు విదేశాలకి ఎగుమతి అవుతూ వచ్చింది. మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ లేసు స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వంటా, పిల్లలూ, ఇంటిపనీ చేసుకుంటూనే రోజూ గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాక 'ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో ఏదో చేసుకునేవాళ్ళు'గా లెక్కవేశారనీ, ఆ కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ 'తీరిక' అన్న మాటే ఆసరా అయిందనీ ఆవిడ చూపించారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకి ఎంత వస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న.

"అమ్ముకుంటే పని. అమ్ముకోకపోతే కాలక్షేపం. రెంటికీ మధ్య ఇంకేం లేదా?" అంది అక్కయ్య. బ్యాంకు అమ్మాయి పిల్లని జోకొడుతూ, "ఈ రెండు గంటలే అండీ, నేను ఫలానా అని నాకు గుర్తుండేది. దీనికి రేటు కట్టకండి" అంది. అమ్మకాల మాట అంతటితో ఆగిపోయింది. మెడకీ, చంకలకీ లేసంచు ఎలా అల్లాలో అక్కయ్య మా అందరికీ నేర్పింది. అది అందానికే కాదు, సాగిపోకుండా మెడని పట్టి ఉంచుతుంది కూడా.

అత్తయ్యగారి తీర్పు

మే ఆఖరువారంలో నా టాపు అయింది. ఈసారి కొలత సరిగ్గా 36. పిల్ల వేసుకుని హాల్లోకి వచ్చింది. నేను అత్తయ్యగారి వంక చూడకుండా దిండుగలీబులు సర్దుతున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి పిలిచి, అంచు పట్టుకుని తిరగేసి చూశారు.

"మీ తాతయ్య వేసవంతా చేతుల్లేని బనియనుతోనే వీధరుగు మీద కూర్చునేవారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు. కాసేపాగి, "చెమటకాయలు రాకుండా లోపల పౌడరు రాసుకో" అన్నారు. అంతే.

జూన్ మొదటివారంలో పిల్లని హాస్టల్లో దింపి వచ్చాం. పెట్టెలో టాపు పైనే పెట్టుకుంది. మొదటి ఆదివారం ఫోనులో "ఎలా ఉంది?" అంటే, "ఉంటాను అమ్మా, చూస్తాను" అంది. 'వచ్చేస్తాను' అనలేదు. 'బాగుంది' అని కూడా అనలేదు. నాకు ఆ జవాబు చాలు.

బ్యాంకు అమ్మాయి టాపుకి ఇంకా ఒక భుజం, మెడ మిగిలి ఉన్నాయి. అందుకని మా ఆదివారాలు ఇంకా నడుస్తున్నాయి.

మీరు మొదలుపెట్టే ముందు...

* సూదులు కొనేటప్పుడు నంబరు కాదు, మిల్లీమీటర్లు చూడండి. మన లెక్కలో 8వ నంబరు 4 మి.మీ., 10వ నంబరు 3.25 మి.మీ. అంచుకి సన్నసూది, ఒంటికి లావుసూది వాడాలి.

* సాంపిల్ ముక్క కనీసం 4 అంగుళాల చదరం ఉండాలి. దాన్ని తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవండి. ఉతికాక నూలు కొలత మారుతుంది.

* పై లెక్కకి 50 గ్రాముల నూలు ఉండలు ఏడెనిమిది పడతాయి. అన్నీ ఒకేసారి, ఒకే లాట్ నంబరువి కొనండి. లేకపోతే రంగులో తేడా వస్తుంది. మెర్సిరైజ్డ్ అని రాసిన నూలుకి మెరుపు, గట్టిదనం ఎక్కువ. జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషాయన 1844లో కనిపెట్టిన కాస్టిక్ సోడా పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది.

* ముందుభాగానికీ, వెనకభాగానికీ పక్కల అతుకు కోసం అటొకటి, ఇటొకటి కుట్టు అదనంగా వేసుకోండి.

* కొత్త ఉండ వరుస మధ్యలో అతకవద్దు. వరుస మొదట్లో అతికితే ముడి పక్కకుట్టులో దాగుతుంది.

* నూలు సాగదు కాబట్టి వేళ్ళు త్వరగా నొప్పెడతాయి. అరగంటకోసారి ఆపండి. చెమటచేతులకి పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి.

* ఉతికాక తీగ మీద వేలాడదీస్తే నీళ్ళ బరువుకి కిందకి సాగుతుంది. పాత దుప్పటి మీద పరిచి, నీడలో ఆరబెట్టండి.

* ఒంటరిగా మొదలుపెట్టవద్దు. ఇంకొకరినైనా కలుపుకోండి. విప్పాల్సి వచ్చిన రోజున పక్కన మనిషి కావాలి.